సమాధానం: బ్రాకెట్ బయటి ఘాతం లోపలి అంకెకూ వర్తిస్తుంది

నమస్కారం అమ్మా. (3క²గ)³ ÷ 9క⁴గ⁵ లెక్కకు మీ అబ్బాయికి క/3గ² వచ్చిందని, పుస్తకంలో 3క²/గ² ఉందని చిత్తూరు నుంచి రాశారు. (ఎక్స్, వై బదులు క, గ వాడుతున్నాను.) పుస్తకమే సరైనది.

తప్పంతా మొదటి అడుగులోనే ఉంది. బాబు బ్రాకెట్‌ను విప్పి 3క⁵గ³ అని రాసి ఉంటాడు. అలిపిరి తనిఖీ దగ్గర కారులోని వాళ్లందరూ దిగాల్సిందే కదా! బయటి ఘాతం 3 కూడా లోపల ఎవరినీ వదలదు. అంకె 3 కాస్తా 3³, అంటే 27 అవుతుంది. ఇక క² మూడుసార్లు గుణిస్తే క² × క² × క² = క⁶. ఘాతం మీద ఘాతం ఉంటే గుణించాలి. కూడటం అనేది క² × క³ లాంటి చోట మాత్రమే. పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. సూత్రం బట్టీ పట్టించకండి, ఇలా విడదీసి రాయించండి.

ఇప్పుడు 27క⁶గ³ ÷ 9క⁴గ⁵. అంకెలను భాగిస్తే 3. భాగహారంలో ఘాతాంకాలు తీసివేయాలి కాబట్టి క², గ⁻². ఈ రుణ గుర్తు చూసి జవాబు రుణాత్మకం అనుకోకూడదు. గ² హారంలోకి వెళ్తుంది, అంతే.

సరిచూడటానికి క = 2, గ = 1 పెట్టించండి. అసలు లెక్క 1728 ÷ 144 = 12. పుస్తకం జవాబూ 12. బాబు జవాబు మాత్రం 2/3. పరీక్షలో ఇది అర నిమిషం పని.