డాక్టర్ సలహా: పదకొండు గంటల ఆకలికి పాత మందు చీటీ కారణం కావచ్చు

ప్రశ్న: నా వయసు 43 ఏళ్లు. ఒంగోలు సమీపంలోని ఒక పాఠశాలలో ఉపాధ్యాయినిని. ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. పది నెలల్లో 81 కిలోల నుంచి 70 కిలోలకు తగ్గాను. నాలుగేళ్లుగా షుగర్ ఉంది. గ్లిమెపిరైడ్ 2 మి.గ్రా., మెట్‌ఫార్మిన్ 500 మి.గ్రా. కలిసిన మాత్ర ఉదయం ఒకటి, రాత్రి ఒకటి మొదటి నుంచీ వాడుతున్నాను. ఉదయం గ్లాసుడు రాగిజావ, మధ్యాహ్నం కప్పు అన్నం, కూర, రాత్రి ఒక పుల్కా తింటున్నాను. రోజంతా ఆకలిగానే ఉంటోంది. పదకొండు గంటలకు క్లాసులో చేతులు వణికి, చెమట పడుతుంది. రాత్రి పదిన్నర దాటాక, ముఖ్యంగా ఇంట్లో ఎవరైనా ఒక మాట అన్న రోజున, మిక్చరు, స్వీట్లు, కనిపించినవన్నీ తినేసి ఆ తర్వాత ఏడుస్తాను. మోకాళ్ల నొప్పులకు అప్పుడప్పుడూ మందుల షాపులో పొట్లం కట్టి ఇచ్చే మాత్రలు వేసుకుంటాను. మనసును అదుపులో పెట్టుకునే మార్గం చెప్పండి. ఆకలి వేయకుండా మాత్ర ఏదైనా ఉందా?
- ఒక పాఠకురాలు, ప్రకాశం జిల్లా

జవాబు: మీరు అడిగింది మనసును అదుపు చేసుకోవడం గురించి. ఆ సంగతికి తప్పక వస్తాను. అంతకంటే ముందు, పదకొండు గంటలకు చేతులు వణుకుతున్నాయని, చెమట పడుతోందని మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేసిన విషయం దగ్గర నేను ఆగిపోయాను. షుగర్‌కు గ్లిమెపిరైడ్ వాడుతూ, తిండి బాగా తగ్గించి, 11 కిలోల బరువు తగ్గిన మనిషికి ఆ వేళలో ఆ లక్షణాలు కనిపిస్తున్నాయంటే, రక్తంలో చక్కెర పడిపోతోందేమోనని ఏ వైద్యుడైనా మొదట అనుమానిస్తాడు. మిమ్మల్ని పరీక్షించకుండా, రిపోర్టులు చూడకుండా అదేనని నేను నిర్ధారించలేను. అయితే అది కాదని తేలేవరకు అదేననుకుని జాగ్రత్త పడాలి.

మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారిలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్ సంగతి వేరు. అది క్లోమగ్రంథిని ఇన్సులిన్ విడుదల చేయమని పురికొల్పుతూనే ఉంటుంది. ఆ పూట మీరు కడుపునిండా తిన్నారా, గ్లాసుడు జావతో సరిపెట్టుకున్నారా అన్నది దానికి పట్టదు. మీరు 81 కిలోలున్నప్పుడు, మూడు పూటలా సరిగ్గా భోంచేస్తున్నప్పుడు కుదిరిన మోతాదు అది. బరువు తగ్గినకొద్దీ శరీరం ఇన్సులిన్‌కు మెరుగ్గా స్పందిస్తుంది కాబట్టి అదే మోతాదు ఇప్పుడు ఎక్కువై ఉండవచ్చు. చక్కెర 70 కంటే కిందికి దిగినప్పుడు శరీరం అడ్రినలిన్ అనే హార్మోన్‌ను వదులుతుంది. చేతుల వణుకు, చెమట, గుండెదడ, అకారణమైన చిరాకు, నిలవనీయని ఆకలి అందువల్ల వచ్చేవే. ఆ ఆకలిని నిగ్రహంతో అణచుకోవాలని చూడటం ఎంతమాత్రం తగదు. 54 కంటే తగ్గితే తికమకపడటం, మాట తడబడటం, ఇంకా దిగితే ఫిట్స్, స్పృహ తప్పడం జరగవచ్చు. మీరు బడికి స్కూటీ మీద వెళ్లివచ్చే మనిషైతే, బయలుదేరే ముందు ఒక్కసారి షుగర్ చూసుకోవడం ఈ పది రోజులైనా అలవాటు చేసుకోండి.

రాత్రి పదిన్నర సంగతి కూడా ఇదే కోణంలో చూడాలి. రాత్రి మాత్ర వేసుకుని ఒక్క పుల్కాతో సరిపెట్టుకున్న మనిషికి పడుకునే వేళకు చక్కెర తగ్గితే, ఆ చిరాకు, ఆ దుఃఖం, తీపి మీదికి చెయ్యి పోవడం, ఇవన్నీ కొంతవరకు దానివల్లనే కావచ్చు. ఇంట్లో మాట అన్నవారు ఉండే ఉంటారు, కాదనను. కానీ అదే మాటను కడుపు నిండిన రోజున మీరు ఎలా తీసుకున్నారో, ఖాళీ కడుపున ఎలా తీసుకున్నారో ఒకసారి గుర్తు చేసుకోండి. నిద్రలో పీడకలలు వస్తున్నాయా, తెల్లవారేసరికి జాకెట్టు చెమటతో తడిసి ఉంటోందా, లేచీ లేవగానే తలనొప్పిగా ఉంటోందా అన్నది మీ డాక్టరుకు తప్పకుండా చెప్పాలి.

చేయవలసిన మొదటి పని తేలికైనదే. గ్లూకోమీటరు లేకపోతే కొనండి. వణుకు మొదలైనప్పుడు ఏదీ నోట్లో వేసుకోకముందే వేలు గుచ్చి చూసి, అంకెను, టైమును, చివరిసారి ఏం తిన్నారన్నదాన్ని రాసిపెట్టండి. రాత్రి పదిన్నరకు కూడా అలాగే. మీటరు చేతిలో లేకపోతే పరీక్ష కోసం ఆగకుండా ఇప్పుడు చెప్పబోయే పంచదార నీళ్లు తాగేయండి. రీడింగు 70 కంటే తక్కువ ఉంటే మూడు నాలుగు చిన్న చెంచాల పంచదార గానీ గ్లూకోజు పొడి గానీ నీళ్లలో కలుపుకుని వెంటనే తాగండి. పావుగంట తర్వాత మళ్లీ చూసి, ఇంకా తక్కువే ఉంటే మరోసారి తాగండి. ఆ తర్వాత భోజనమో, టిఫినో తినాలి. ఈ అవసరానికి మైసూర్‌పాక్ పనికిరాదు. అందులోని నెయ్యి వల్ల చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. ఈలోగా నాలుగు ముక్కలు లోపలికి వెళ్లిపోతాయి, రెండు గంటల తర్వాత షుగర్ 250 చూపిస్తుంది. స్పృహలో లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదని, వెంటనే 108కి ఫోన్ చేయాలని ఇంట్లోవారికి, మీ స్టాఫ్‌రూములో ఒకరికి చెప్పి ఉంచండి. ఒక్క రీడింగు 70 లోపు వచ్చినా అదే రోజు మీ డాక్టరుతో మాట్లాడి, తర్వాతి మాత్ర ఎంత వేసుకోవాలో ఆయన చెప్పినట్లు చేయండి. చాలాకాలం షుగర్ ఎక్కువగా ఉండి ఈమధ్యే అదుపులోకి వచ్చినవారిలో, 100 దగ్గర కూడా ఇలాంటి వణుకు రావచ్చు. అందుకే ఊహతో పని లేదు, అంకె కావాలి.

ఇక మిమ్మల్ని కొంచెం మందలించవలసిన చోటికి వస్తాను. ‘మొదటి నుంచీ’ అని రాశారు. అంటే నాలుగేళ్ల క్రితం ఒక డాక్టరు రాసిన చీటీని పట్టుకుని ఇప్పటికీ అవే మాత్రలు కొంటున్నారన్నమాట. ఈమధ్య నా ఓపీకి వచ్చిన ఒక పెద్దాయన తన మందుల చీటీని లామినేషన్ చేయించుకుని తెచ్చారు. జేబులో పెట్టుకుని తిరిగితే మడతలు పడి చినిగిపోతోందట, అందుకని. ప్లాస్టిక్ తొడుగు లోపల అక్షరాలు చెక్కుచెదరలేదు, తేదీ మాత్రం ఆరేళ్ల కిందటిది. ఈ ఆరేళ్లలో ఆయన బరువు మారింది, కిడ్నీల పనితీరు మారింది, తిండి మారింది, మందు మాత్రం మారలేదు. బరువు పెరిగితే డాక్టరు తిడతారని భయపడి రాని వారిని నేను అర్థం చేసుకోగలను. బరువు తగ్గినవారు కూడా రాకపోవడమే నాకు వింతగా ఉంటుంది. తగ్గాం కదా, అంతా బాగానే ఉంది కదా అనుకుంటారు. షుగర్ మాత్రల మీద ఉన్నవారు నాలుగైదు కిలోలు తగ్గినప్పుడల్లా మోతాదు సరిచూపించుకోవాలి. మీరు 11 కిలోలు తగ్గారు. ఈ పది నెలల్లో ఒక్కసారైనా డాక్టరుకు చూపించుకున్నట్లు మీ లేఖలో లేదు. అలాగని ఇది చదివి మాత్ర మీ అంతట మీరు ఆపేయవద్దు. అది కూడా సొంతవైద్యమే అవుతుంది. చూపించే దాకా మాత్ర వేసుకున్న పూట భోజనం ఎగ్గొట్టకండి, జావ ఒక్కటే తాగి క్లాసుకు వెళ్లకండి.

మోకాళ్లకు పొట్లం కట్టి ఇచ్చే ఆ మాత్రలు ఏమిటో మీకు తెలియదు, నాకూ తెలియదు. ఒక్క పూటలో నొప్పి మాయమై, ఆకలి విపరీతంగా పెరిగి, ముఖం కొద్దిగా ఉబ్బినట్లు కనిపిస్తే అందులో స్టెరాయిడ్ ఉందని నేను అనుమానిస్తాను. స్టెరాయిడ్ ఆకలినీ పెంచుతుంది, షుగర్‌నూ పెంచుతుంది. ఇక నొప్పి తగ్గించే మాత్రలు తరచుగా వాడితే కిడ్నీల మీద భారం పడుతుంది. కిడ్నీలు మందగిస్తే గ్లిమెపిరైడ్ ప్రభావం ఒంట్లో ఎక్కువసేపు నిలిచి, చక్కెర పడిపోయే ముప్పు పెరుగుతుంది. ఒకదాని చిక్కు మరొకదానికి ఎలా ముడిపడిందో చూడండి. ఆ పొట్లాన్ని వరుసగా కొన్ని వారాలు వాడి ఉంటే ఒక్కసారిగా మానేయడం కూడా మంచిది కాదు కాబట్టి, మిగిలిన మాత్రలు పారేయకుండా డాక్టరుకు చూపించండి. మూడు నెలల సగటు షుగర్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, థైరాయిడ్, హిమోగ్లోబిన్, బి12 పరీక్షలు ఆయన రాస్తారనుకుంటున్నాను.

రీడింగులన్నీ మామూలుగా ఉండి కూడా ఆకలి వేస్తుంటే, అది బరువు తగ్గడం వల్ల వచ్చే ఆకలి. దానికి మీ బలహీనతను నిందించుకోవలసిన పని లేదు. బరువు తగ్గినప్పుడు ఆకలి పుట్టించే ఘ్రెలిన్ పెరుగుతుంది, చాలునని చెప్పే లెప్టిన్ తగ్గుతుంది. మెల్‌బోర్న్ పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనంలో, పది వారాల కఠినమైన ఆహార నియమంతో బరువు తగ్గినవారిని ఏడాది తర్వాత పరీక్షించినప్పుడు కూడా ఈ హార్మోన్లు పాత స్థితికి రాలేదు, ఆకలి కూడా ఎక్కువగానే ఉంది. ఇలాంటి శరీరానికి గ్లాసుడు జావ, కప్పు అన్నం, ఒక పుల్కా ఇచ్చి ఊరుకోమంటే అది ఊరుకోదు. మీ జాబితాలో మాంసకృత్తులు దాదాపు కనిపించడం లేదు. కిడ్నీ పరీక్ష బాగుంటే మీ బరువుకు రోజుకు 60 నుంచి 70 గ్రాముల వరకు తీసుకోవచ్చు. గుడ్డులో సుమారు 6 గ్రాములు, వంద గ్రాముల చేపలో సుమారు 18 నుంచి 20 గ్రాములు ఉంటాయి. మన వైపు చేపల పులుసు వండినా, చాలా ఇళ్లలో ఆడవారి కంచంలోకి వచ్చేసరికి పులుసన్నమే ఎక్కువ, ముక్క ఒకటో రెండో. ఆ లెక్క తిరగేయండి. శాకాహారులైతే ఉదయం పెసరట్టు, మధ్యాహ్నం గట్టి పప్పు, పెరుగు. శనగ బాగా పండే జిల్లాలో ఉండి సాయంత్రానికి మిక్చరు పొట్లం కొనవలసిన అవసరం ఏముంది? బడి నుంచి రాగానే, అంటే అయిదు గంటలకు, గుప్పెడు శనగ గుగ్గిళ్లు, మజ్జిగ తీసుకుంటే రాత్రి పదిన్నర ఆకలి సగం అక్కడే తీరిపోవచ్చు. మీ ఎత్తుకు ఇంకా కొంత బరువు తగ్గవలసి ఉన్నమాట నిజమే కానీ, మందుల లెక్క తేలేవరకు కొత్తగా తగ్గే ప్రయత్నం ఆపి, 70 దగ్గర నిలబడినా నష్టం లేదు.

ఆకలి వేయకుండా చేసే మాత్ర అడిగారు. నేను రాయను. ఒకప్పుడు ఇందుకోసం విరివిగా వాడిన సిబుట్రమైన్‌ను గుండెపోటు, పక్షవాతం ముప్పు వల్ల 2010లో ఐరోపా, అమెరికాల్లో మార్కెట్ నుంచి తప్పించారు. మూలికలతో చేసినదని చెప్పి అమ్మిన పొడుల్లో, గొట్టం మాత్రల్లో ఆ మందు రహస్యంగా కలిపి ఉన్నట్లు ఆ తర్వాత కూడా బయటపడుతూ వచ్చింది. ఇక 2025లో మన దేశంలోకి వచ్చిన టిర్జెపటైడ్, బరువు తగ్గించడానికి ఉద్దేశించిన సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్లు ఆకలిని తగ్గిస్తాయి, కొందరికి బాగా ఉపయోగపడతాయి కూడా. కానీ గ్లిమెపిరైడ్ మోతాదు సవరించకుండా వాటిని మొదలుపెడితే చక్కెర మరింత పడిపోతుంది. ఎవరో వాడారని తెప్పించుకుని వేసుకునే మందులు కావవి.

చివరికి మీరు అడిగిన మనసు సంగతి. షుగర్ రీడింగు 110 ఉంది, అయిదు గంటలకు తిన్నారు, రాత్రి కూడా సరిగ్గా తిన్నారు, అయినా చెయ్యి డబ్బా మీదికి వెళ్తోందంటే అప్పుడు దాన్ని మనసు తిండి అనవచ్చు. మామూలు ఆకలికి పెరుగన్నం పెట్టినా సరిపోతుంది. మనసు ఆకలికి ఫలానా స్వీటే కావాలి. ఆ తేడా గమనించండి. డబ్బాతో మంచం మీదికి వెళ్లకుండా, తినదలచుకున్నది చిన్న పళ్లెంలో పెట్టుకుని, దీపం వేసి, కూర్చుని తినండి. మానేయమని నేను అనడం లేదు, దాచుకుని తినవద్దని అంటున్నాను. పడుకునే ముందు మాట అన్నవారికి సమాధానం చెప్పలేకపోతే కనీసం కాగితం మీద రాయండి. నా పేషెంట్లలో కొందరికి ఇది పనిచేసింది. కానీ వారానికి ఒకసారైనా, మూడు నెలలకు పైగా, ఆపుకోలేకుండా చాలా ఎక్కువ తినేయడం, ఎవరూ చూడకుండా తినడం, ఆ తర్వాత అసహ్యం కలగడం జరుగుతుంటే అది చికిత్స ఉన్న జబ్బు. తిన్నది కక్కేయాలని చూస్తున్నా, బతకాలని లేదనిపించినా ఆలస్యం చేయవద్దు. ఒంగోలులోనో నెల్లూరులోనో మానసిక వైద్యులను కలవండి. ఈలోగా మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే టెలిమానస్ ఉచిత నంబరు 14416కు ఏ వేళనైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఈ వారంలోనే మీ డాక్టరు దగ్గరకు వెళ్లండి, సెలవుల దాకా వాయిదా వేయకండి. వెళ్లేటప్పుడు మాత్రల అట్ట, నొప్పుల పొట్లం, రీడింగులు రాసిన కాగితం ఒక సంచిలో వేసుకోండి. ఆ నాలుగేళ్ల నాటి చీటీ కూడా పట్టుకెళ్లండి, దాని మీది తేదీ ఆయన చూడాలి.