గ్రీన్ కార్డు ఉండి ‘నాన్‌రెసిడెంట్’నని రాసిస్తే?

ప్రశ్న: మావారు అమెరికాలో, కాన్సాస్‌లోని ఓ చిన్న ఊళ్లో డాక్టరు. గ్రీన్ కార్డు వచ్చి నాలుగేళ్లయింది. ఊళ్లో ఒకాయన ఆదాయపు పన్ను స్వచ్ఛందమేనని, ‘నాన్‌రెసిడెంట్ ఏలియన్’ (ఇక్కడి నివాసి కాని విదేశీయుణ్ణి) అని రాసిస్తే కట్టక్కర్లేదని చెప్పి కాగితాల కట్ట అమ్మారు. మావారు ఆసుపత్రికి, జీతంలో పన్ను ఎంత కోయాలో చెప్పే డబ్ల్యూ-4 ఫారంలో ‘ఎగ్జెంప్ట్’ (మినహాయింపు ఉంది) అని రాసిచ్చి, ఆదాయం సున్నా చూపి రిటర్న్ పంపారు. ఇప్పుడు ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) నుంచి 3176సి లెటర్ వచ్చింది. ఏం చేయాలి?

జవాబు: అది నిరాధారమైన వాదనతో రిటర్న్ వేశారన్న హెచ్చరిక. ముందు లెటర్ మీద తేదీ చూడండమ్మా. అందులో ఇచ్చిన 30 రోజుల్లోగా సరైన రిటర్న్ (ఫారం 1040) పంపితే 5,000 డాలర్ల జరిమానా తప్పించుకోవచ్చు. జాయింట్ రిటర్న్ అయితే ఆ జరిమానా ఇద్దరికీ విడివిడిగా పడుతుంది. ఆసుపత్రి ఇచ్చే జీతం పత్రం డబ్ల్యూ-2లో ఉన్న జీతమంతా చూపండి. సంతకం పైనున్న ప్రమాణ వాక్యాన్ని కొట్టేయడం, పక్కన ‘నిరసనతో’ అని చేర్చడం వద్దు. ఇలాంటి కట్టల్లో ఆ సలహా ఉంటుంది. వింటే రిటర్న్ మళ్లీ చెల్లకపోవచ్చు. లెటర్‌లో ఇచ్చిన అడ్రసుకే, రసీదు వచ్చేలా సర్టిఫైడ్ మెయిల్‌లో పంపండి. బాకీ ఒకేసారి కట్టలేకపోతే వాయిదాలు అడగవచ్చు.

డబ్ల్యూ-4 ఈరోజే మార్పించండి. పోయిన ఏడాది పన్నేమీ పడకుండా, ఈ ఏడాదీ పడదనుకునేవారే ‘ఎగ్జెంప్ట్’ రాయాలి. జీతం తీసుకునే డాక్టరుకు అది కుదరదు. తప్పుగా రాస్తే 500 డాలర్ల జరిమానా; కావాలనే రాశారని తేలితే ఏడాది వరకు జైలు.

నన్ను ఎక్కువ కలవరపెడుతున్నది మీ గ్రీన్ కార్డు సంగతి. పన్ను కోసం నాన్‌రెసిడెంట్‌నని చెప్పుకుంటే, శాశ్వత నివాస హక్కు వదులుకున్నట్టు భావించవచ్చని పౌరసత్వ నిబంధనల్లోనే ఉంది. కాదని రుజువు చేసే భారం మీదే. పౌరసత్వం కోసం వేసే ఎన్-400 దరఖాస్తులోనూ ఈ ప్రశ్న అడుగుతారు. అందుకే కౌంటీ ఆఫీసులోగానీ మరెక్కడైనాగానీ అఫిడవిట్ ఇచ్చి ఉంటే దాని కాపీ తీసుకుని, ఇమిగ్రేషన్ లాయరుకు చూపించాకే ఎన్-400 వేయండి. నష్టం 10,000 డాలర్లు దాటిన పన్ను మోసం కేసులో శిక్ష పడితే దేశం నుంచి పంపేయవచ్చు. 2012లో కవాషిమా కేసులో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది. వారూ గ్రీన్ కార్డున్న భార్యాభర్తలే.

‘స్వచ్ఛందం’ అంటే లెక్క మనమే వేసుకుని చెప్పడం. కట్టాలా వద్దా అన్నది మన ఇష్టం కాదు. పన్ను కట్టని ఓ పైలట్‌పై నడిచిన 1991 నాటి చీక్ కేసులో, చట్టాన్ని నిజాయితీగా అపార్థం చేసుకుంటే ‘కావాలనే చేశారు’ అనలేమని సుప్రీంకోర్టు ఒప్పుకుంది గానీ, చట్టమే రాజ్యాంగ విరుద్ధమన్న నమ్మకం శిక్ష నుంచి కాపాడదంది. ఆ పైలట్‌కు మళ్లీ శిక్ష పడింది. లెటర్ అందుకున్నాక మీవారు ‘నాకు తెలియదు’ అంటే ఎవరూ నమ్మరు.

ఆ ప్రాంతాల్లో ఈ మాటలు పాతవే. 1980లలో అప్పుల్లో కూరుకుపోయి పొలాలు పోగొట్టుకున్న రైతుల కష్టం నిజమైనదే. ఆ కష్టాన్ని ఆసరా చేసుకుని ఫెడరల్ ప్రభుత్వ అధికారాన్ని ఒప్పుకోని పోసీ కోమిటాటస్ లాంటి గుంపులు పెరిగాయి. పన్ను కట్టనని మొండికేసిన నార్త్ డకోటా రైతు గోర్డన్ కాల్‌ను 1983 ఫిబ్రవరిలో అరెస్టు చేయబోతే కాల్పులు జరిగి ఇద్దరు మార్షల్స్ (ఫెడరల్ పోలీసు అధికారులు) చనిపోయారు. జూన్‌లో అతనూ పోయాడు. 1996లో అలాంటిదే మరో గుంపు, మోంటానా ఫ్రీమెన్, 81 రోజులు ఎఫ్‌బీఐకి లొంగలేదు. దొంగ లీన్‌లు (ఇతరుల ఆస్తి మీద బాకీ ఉందని వేసే క్లెయిములు), చెల్లని చెక్కులు తయారు చేయడం వాళ్లే ఊరూరి నుంచీ వచ్చినవారికి నేర్పారు. మీ ఊరాయన రేపు ‘ఐఆర్‌ఎస్ అధికారి ఆస్తి మీద లీన్ వేద్దాం’ అంటే సంతకం పెట్టకండి. ఆ నేరానికి 10 ఏళ్ల వరకు జైలు.

కట్ట కొన్న రసీదు, వచ్చిన ఉత్తరాలు ఏవీ చింపకండి. వాటితో ముందు ట్యాక్స్ లాయరు దగ్గరికి వెళ్లండి. క్రిమినల్ కేసులో సీపీఏ (అకౌంటెంట్)తో చెప్పిన మాటలకు లాయరుతో చెప్పినవాటికున్న రక్షణ లేదు. ఐఆర్‌ఎస్ క్రిమినల్ విభాగం వాళ్లు ఇంటికొస్తే మర్యాదగా విజిటింగ్ కార్డు తీసుకుని, ‘మా లాయరు మాట్లాడతారు’ అనండి. అంతకు మించి ఒక్క మాటా వద్దు.