పూజగది అద్దం మీద ఊడిన బొమ్మ – అమ్మాయి చదువు

ప్రశ్న: మాది అమలాపురం. అద్దాలు, అల్యూమినియం తలుపుల షాపు. పూజగది తలుపుల అద్దాల మీద వేంకటేశ్వరస్వామి, లక్ష్మీదేవి బొమ్మలు రాజమండ్రిలో యూవీ మిషను మీద ప్రింటు వేయించి బిగిస్తుంటాం. కిందటి వానాకాలంలో ఒకరింట్లో స్వామివారి బొమ్మ పొరలా లేచిపోయింది. డబ్బు వాపసు ఇచ్చేశాను, అది వేరే సంగతి. మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ ఆఖరి సంవత్సరం. ఆ ఊడిన పొర తెచ్చుకుని నెలరోజులుగా దాని వెనకే పడింది. “ఈ రంగు తయారుచేసే చోట పని చేస్తాను నాన్నా” అంటోంది. బంధువులు బీఈడీ చేయించమంటున్నారు. అసలు ఇలాంటి ఉద్యోగం ఒకటి ఉందాండి? ఉంటే ఏం చదివించాలి?

జవాబు: ఉందండి. కోనసీమలో మాత్రం లేదు. ఆ మాట ముందే చెప్పేస్తే తర్వాత గొడవ ఉండదు. ప్రింటింగు ఇంకుల కంపెనీలు ఎక్కువగా వాపి, ముంబై వైపు ఉన్నాయి. టైల్స్ మీద వేసే సిరామిక్ ఇంకుల వ్యాపారమంతా గుజరాత్‌లోని మోర్బీ చుట్టూ తిరుగుతుంది. అద్దం తయారీ చూడాలంటే చెన్నై దగ్గర శ్రీపెరంబుదూరు వెళ్లాలి. మీకు దగ్గర్లో ఈ పనికి చుట్టరికం ఉన్న చోటు సామర్లకోటలోని రాక్ సిరామిక్స్ ఫ్యాక్టరీ. ఇప్పుడు టైలు మీద పాలరాయి చారలు వేసేది కూడా ఇంక్‌జెట్ మిషనే. ఆ ఇంకూ, అద్దం మీద కాల్చే ఇంకూ పెదతండ్రి, పినతండ్రి పిల్లల్లాంటివి. వీలు దొరికితే అమ్మాయికి ఒకసారి ఆ ప్రింటింగు లైను చూపించండి.

ఇక బొమ్మ ఎందుకు ఊడిందన్న ప్రశ్న. కాగితం, చెక్క రంగుని కాస్త పీల్చుకుంటాయి. అద్దానికి ఆ గుణం లేదు. పైగా దానికి నీళ్లంటే మహా ఇష్టం. శుభ్రంగా కడిగిన అద్దం మీద నీటి చుక్క వేసి చూడండి, తామరాకు మీదలా గుండ్రంగా నిలవదు, పరుచుకుపోతుంది. యూవీ ఇంకులో ఉండేది ఎక్కువభాగం అక్రిలేట్ అనే ద్రవం. అతినీలలోహిత కాంతి తగలగానే ప్లాస్టిక్ పొరగా గట్టిపడుతుంది, గట్టిపడుతూ కొద్దిగా ముడుచుకుంటుంది. అంటే అంచుల్లో లాగుడు మొదటి రోజు నుంచీ ఉన్నట్టే. దానికి తోడు మన వానాకాలం. ఉప్పు డబ్బాలో నీరూరే రోజుల్లో గాలిలోని తేమ ఆ పొరలోంచి మెల్లగా దిగి, రంగుకీ అద్దానికీ మధ్య చేరుతుంది. అద్దం కూడా రంగుని వదిలి నీటినే పట్టుకుంటుంది.

దీనికి విరుగుడుగా సైలేన్ అనే రసాయనాలు వాడతారు. వాటికి రెండు చేతులున్నాయనుకోండి. ఒక చేయి అద్దాన్ని పట్టుకుంటుంది, రెండోది ప్లాస్టిక్ పొరని. కొందరు ముందుగా ప్రైమరులా తుడుస్తారు, కొన్ని ఇంకుల్లో ముందే కలిపి ఉంచుతారు. ప్రింటు వేసే కుర్రాడు ప్రైమరు తుడవడం మర్చిపోయినా, చేతి జిడ్డు మీదే తుడిచేసినా ఎంత ఖరీదైన ఇంకైనా లేచిపోతుంది. కాబట్టి తప్పు ఇంకుదని ఇప్పుడే అనకండి.

అద్దానిది కూడా కావచ్చు. మీ షాపులో వానాకాలమంతా ఒకదానికొకటి ఆనించి పెట్టిన షీట్ల మధ్య తెల్లటి మరకలు, ఇంద్రధనుస్సు రంగుల మచ్చలు వస్తాయి కదా, తుడిస్తే పోవు. తేమ అద్దంలోంచి సోడియాన్ని బయటికి లాగుతుంది. అది క్షారంగా మారి అద్దం ఒంటినే తినేస్తుంది. కంటికి కనపడని స్థాయిలో ఈ పని జరిగిన అద్దం మీద ప్రింటు వేసినా పట్టు తగ్గుతుంది. ఇంకో సంగతి: ఫ్లోట్ గ్లాసుని కరిగిన తగరం మీద తేలుస్తూ పోత పోస్తారు, అందుకే దానికి రెండు ముఖాలు. తగరం తగిలిన వైపు ప్రింటు తీరు వేరుగా ఉండొచ్చు. నోట్లు పరీక్షించే దీపం దీనికి పనికిరాదు, 254 నానోమీటర్ల దీపం పెడితే ఆ వైపు పాలలా మసగ్గా మెరుస్తుంది. ఆ వెలుగు కళ్లకు చేటు, రక్షణ కళ్లద్దాలు పెట్టుకోకుండా అమ్మాయిని దాని దగ్గరికి వెళ్లనివ్వకండి.

రెండో రకం, అంటే అద్దం మీద వేసి కాల్చే ఇంకులో ఈ ఊడే బెడద లేదు, ఎందుకంటే అందులో ఉండేదే గాజు. కారు ముందు అద్దం చుట్టూ నల్ల పట్టీ చూస్తారే, ఆ జాతిది. మామూలు అద్దం కన్నా తక్కువ వేడికే కరిగే గాజు పొడిని, రంగు ఖనిజాన్ని ద్రవంలో కలిపి ప్రింటు వేస్తారు. అద్దాన్ని టఫెన్ చేయడానికి, అంటే గట్టిపరచడానికి, 600 డిగ్రీలు దాటించి కాలుస్తారు కదా, ఆ వేడిలోనే పొడి కరిగి అద్దంలో కలిసిపోతుంది. నీలానికి కోబాల్ట్ అల్యూమినేట్, ఎరుపుకి ఐరన్ ఆక్సైడ్ లాంటి వేడికి తట్టుకునే రంగులే పనికొస్తాయి. మన మామూలు రంగులు ఆ కొలిమిలో బూడిదే. పాత రోజుల్లో గాజు పొడిని త్వరగా కరిగించడానికి సీసం వాడేవారు, ఇప్పుడు దాని చోట బిస్మత్, జింకు, బోరాన్ వచ్చాయి.

చిక్కంతా ఇక్కడే ఉంది, మీ అమ్మాయి బతుకుతెరువు కూడా ఇక్కడే ఉంది. గాజు పొడి ద్రవం కన్నా చాలా బరువు. ప్రింటు హెడ్‌లో ఇంకు వచ్చే రంధ్రం 20 నుంచి 50 మైక్రాన్లు, అంటే తలవెంట్రుక మందంలో దాదాపు సగం. అందులోంచి పొడి దారికి అడ్డం పడకుండా దూకాలంటే రేణువు ఒక మైక్రాన్ లోపే ఉండాలి. ఇంకు నీళ్ల కన్నా పదింతలు చిక్కగా ఉంటే చాలు, ఇంకా చిక్కగా ఉంటే చుక్క తెగదు, పల్చగా ఉంటే దాని వెనక పిల్ల చుక్కలు పడి బొమ్మ పాడవుతుంది. అంత పల్చటి ద్రవంలో అంత బరువు పొడి నెలల తరబడి అడుగుకి దిగకుండా నిలవాలి.

మన అమ్మమ్మలు దీనికి తిరగేసిన పని చేసేవారు. వరదల్లో ఎర్రగా వచ్చిన గోదారి నీళ్లని బిందెలో పోసి, లోపల చిల్లగింజ అరగదీసేవారు, లేదా పటిక తిప్పేవారు. తెల్లారేసరికి మట్టి అడుక్కి దిగేది. సన్నని మట్టి రేణువుల మీద ఒకే రకం విద్యుదావేశం ఉంటుంది, అందుకే ఒకదాన్నొకటి దగ్గరికి రానివ్వవు. పటిక ఆ ఆవేశాన్ని చంపేస్తుంది. రేణువులు గుంపులు కట్టి, బరువెక్కి మునుగుతాయి. రేణువు అడ్డుకొలత రెండింతలైతే మునిగే వేగం నాలుగింతలు. ఇంకు చేసేవాళ్లకి కావలసింది పటిక పడని వరద నీళ్లు. జిర్కోనియా పూసలున్న మిల్లులో గంటల తరబడి రుబ్బి, రేణువు రేణువుకీ డిస్పర్సెంట్ అనే పొర కప్పి, అవి గుంపు కట్టకుండా చూస్తారు. ఈ శాస్త్రాన్ని కొల్లాయిడ్ కెమిస్ట్రీ అంటారు. బీఎస్సీ పుస్తకంలో అది పరీక్షకి ముందు రోజు రాత్రి చదివే పాఠం. అమ్మాయిని దాన్నే మళ్లీ తీసి చదవమనండి.

ఇక చదువు. “ఇంక్‌జెట్ ఇంకు కోర్సు” కోసం వెతక్కండి. ఎవరైనా ఉందని ఫీజు అడిగితే నమ్మకండి. ప్రింటింగ్ టెక్నాలజీ కూడా వద్దంటాను, అది మిషను వైపు తీసుకెళ్తుంది. ఈ అమ్మాయి మనసు రంగు వైపు ఉంది. ముందు ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, వీలైతే ఫిజికల్ కెమిస్ట్రీ బలంగా ఉన్న చోట. ప్రవేశ పరీక్షలు ఇవీ: ఐఐటీలకి జామ్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ, ఆంధ్రా యూనివర్సిటీకి, మీ రాజమండ్రి నన్నయ యూనివర్సిటీకి రాష్ట్ర పీజీసెట్. నా ఓటు జామ్‌కి, ఆ తర్వాత విశాఖకి. నన్నయ దగ్గర కదా అని అదొక్కటే రాయించకండి. ఎమ్మెస్సీ ప్రాజెక్టు మాత్రం పెయింటు, పాలిమర్, నానో రేణువులు, సిరామిక్ వీటిలో ఏదో ఒకటి పట్టుకోవాలి. ఏ కాలేజీలో చదివిందన్న దాని కన్నా ఇంటర్వ్యూలో ఆ ప్రాజెక్టు గురించే ఎక్కువ అడుగుతారు. ఇంకా చదువుతానంటే ముంబై ఐసీటీలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ) పాలిమర్, సర్ఫేస్ ఇంజినీరింగ్ విభాగం ఉంది, కలకత్తాలో సెంట్రల్ గ్లాస్ అండ్ సిరామిక్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. రెండోదాంట్లో పరిశోధనకి నెట్ అనే జాతీయ పరీక్ష రాయాలి.

మొదటి ఉద్యోగం పెయింటు కంపెనీలోనో, టైల్స్ ఇంకుల కంపెనీలోనో క్వాలిటీ కంట్రోలు బల్ల దగ్గర మొదలవుతుంది. రోజంతా చిక్కదనం కొలవడం, ఫిల్టరు ఎంతసేపట్లో మూసుకుపోతోందో చూడడం. విసుగు పుట్టించే పని, జీతం కూడా మొదట్లో గొప్పగా ఏమీ ఉండదు. ఇద్దరు ముగ్గురు ఆ విసుగుతోనే వదిలేసి వచ్చి నాతో మొరపెట్టుకున్నారు. రెండు మూడేళ్లు ఓర్చుకున్నవాళ్లకి ఫార్ములేషన్ వైపు, అంటే ఇంకు ఫార్ములా తయారుచేసే పని వైపు, దారి తెరుచుకుంటుంది. అక్కడ పనికి కరువుండదు, ఎందుకంటే నిబంధనలు ఊరుకోనివ్వవు. సీసం పోయింది. యూవీ ఇంకుల్లో విరివిగా వాడే టీపీవో అనే పదార్థాన్ని 2023లో యూరప్ ఆందోళనకర రసాయనాల జాబితాలో చేర్చింది. అలాంటిదొకటి పక్కన పెట్టాల్సి వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు కూర్చుని ఫార్ములా మళ్లీ రాయాలి.

బీఈడీ సంగతి మీ బంధువులకి ఇలా చెప్పండి: అది ఎమ్మెస్సీ అయ్యాక కూడా చేయొచ్చు, అప్పుడు పీజీటీ (పైతరగతుల టీచరు) పోస్టులకి కూడా పనికొస్తుంది. అమ్మాయి గుజరాత్ వెళ్లి ఉండగలదా లేదా అన్నది మాత్రం మీ ఇంట్లో మీరు తేల్చుకోవలసిన విషయం. నేను చెప్పేది కాదు.

ఈలోగా పెద్దగా ఖర్చు లేని పని ఒకటుంది. మీ షాపులో ముక్కలకి కొదవుండదు. అరచేతి సైజు ముక్కలు ఓ పన్నెండు, అంచులు అరగదీసి ఇవ్వండి. కొన్ని తగరం వైపు, కొన్ని రెండో వైపు, కొన్ని కొత్తవి, కొన్ని వానకి మరక పట్టినవి, కొన్ని ప్రైమరు తుడిచి, కొన్ని తుడవకుండా. అన్నిటి మీదా రాజమండ్రిలో ఒకే చిన్న చదరం ప్రింటు వేయించండి. పది రోజులు నీళ్లలో నానబెట్టి, బ్లేడుతో గళ్లు గీసి, సెల్లోటేపు అంటించి లాగి, ఎన్ని గళ్లు ఊడాయో నోటుబుక్కులో రాయమనండి. ప్రయోగశాలల్లో చేసేదీ ఈ పరీక్షే. ఒక చిన్న హెచ్చరిక: ఐఎస్‌వో అనే అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ లెక్కలో సున్నా వస్తే అన్నిటికన్నా మంచి ప్రింటు, అమెరికా వాళ్ల లెక్కలో 5బీ వస్తే మంచిది. రెండూ కలిపి రాస్తే లెక్క తలకిందులవుతుంది. ఇంకు ఆరకముందు చేతికి అంటనివ్వొద్దు, అక్రిలేట్లు చర్మానికి పడవు.

ఊడిన స్వామివారి పొరని కూడా పారేయకండి. నోటుబుక్కుతో పాటు దాన్నీ ఇంటర్వ్యూకి పట్టుకెళ్లమనండి.