ఆటలో అరటిపండూ, అరటితొక్కా: కార్టు పందేలపై పాఠకుల ప్రశ్నలు

దసరా సెలవుల తరువాత గోదావరి రెండు గట్ల నుంచీ వచ్చిన ఉత్తరాల్లో, చిన్న బండ్లతో పందెం కట్టే మారియో కార్ట్ అనే వీడియో గేమ్ గురించినవే ఎక్కువగా ఉండటంతో ఈసారి శీర్షికను ఆ ఆటకే కేటాయిస్తున్నాం. రాసినవారిలో చాలామంది ఇళ్ళలో ఉన్నది 2017లో నింటెండో స్విచ్ అనే ఆట యంత్రానికి వచ్చిన మారియో కార్ట్ 8 డీలక్స్ కాబట్టి, విడిగా చెప్పిన చోట తప్ప జవాబులన్నీ ఆ ఆటకు సంబంధించినవే.

ప్రశ్న: మా అబ్బాయికి పద్నాలుగేళ్ళు, అమ్మాయికి ఏడేళ్ళు. ఇద్దరూ కలిసి ఆడితే పాప బండి ప్రతి మలుపులోనూ దారి తప్పి, పన్నెండు మందిలో పన్నెండోదిగా వస్తుంది. పాప కంట్రోలర్ పక్కన పడేసి ఏడుస్తుంది. తనను ఆటలో నిలబెట్టే మార్గం ఉందా?
— ఒక తల్లి, రాజోలు

జవాబు: ఉందండి. దాగుడుమూతలాడేటప్పుడు చిన్నవాళ్ళను ‘ఆటలో అరటిపండు’గా చేర్చుకోవడం మనకు అలవాటే, వాళ్ళు అందరితో పాటే పరుగెత్తుతారు కానీ, పట్టుబడినా దొంగ కారు. ఈ ఆటలో అటువంటి వెసులుబాటును స్మార్ట్ స్టీరింగ్ ఇస్తుంది. వాహనాన్ని ఎంచుకునే తెర మీద ప్లస్ బటన్ నొక్కితే కనిపించే ఈ సౌకర్యాన్ని ఆన్ చేస్తే, బండి దారి అంచుకు చేరగానే ఆటే దాన్ని లోపలికి మళ్ళిస్తుంది, అగాధంలో పడనివ్వదు. దాని పక్కనే ఉన్న ఆటో యాక్సిలరేట్‌ను కూడా ఆన్ చేస్తే బటన్ పట్టుకోకపోయినా బండి ముందుకు పోతుంది కనుక, పాప దృష్టి అంతా దారి మీదే పెట్టవచ్చు. అరటిపండుకూ దీనికీ ఒక్కటే తేడా: ఇక్కడ పాప గెలిస్తే అది లెక్కలోకి వచ్చే గెలుపే.

ఈ అమరికలు ఎవరివి వారికే ఉంటాయి కాబట్టి పాపకు ఆన్ చేసి, అబ్బాయికి ఆపేయండి. ఆటను కొత్తగా మొదలుపెట్టినప్పుడు స్మార్ట్ స్టీరింగ్ ఆన్‌లోనే ఉంటుంది. మీ అబ్బాయి ఇంతకాలం ఆ సాయంతోనే గెలుస్తూ, అదంతా తన ప్రతాపమే అనుకుంటూ ఉండవచ్చు. అతని బండి వెనుక చిన్న యాంటెన్నా కనిపిస్తే అది ఆన్‌లో ఉన్నట్టే. దానితో ఆడేవారికి మలుపుల్లో దొరికే అతి పెద్ద వేగం దక్కదు, కొన్ని అడ్డదారుల్లోకి పోవడమూ కుదరదు.

అదే తెర మీద కంట్రోలర్‌ను వంచి బండి నడిపే టిల్ట్ అమరిక కూడా ఉంటుంది. మా మేనకోడలి బండి ఎప్పుడూ ఎడమకే లాగుతుంటే కంట్రోలర్ పాడయిందని ఇంటిల్లిపాదీ తేల్చేశారు. తీరా చూస్తే టిల్ట్ ఆన్‌లో ఉంది, ఆ పిల్లేమో కుడిచేత్తో జంతిక తింటూ కంట్రోలర్‌ను ఎడమచేత్తో ఒక పక్కకు వంచి పట్టుకుంది.

ప్రశ్న: మూడు చుట్లూ ముందుండి, చివరి మలుపులో నీలి చిప్ప (మొదటి బండిని వెతుక్కుంటూ వచ్చి పేలే తాబేటి చిప్ప) తగిలి నాలుగో స్థానానికి పడిపోవడం నాకు మామూలైపోయింది. వెనకబడినవాడికి మంచి వస్తువులూ, ముందున్నవాడికి అరటితొక్కలూ ఇవ్వడం అన్యాయం కాదా?
— ఇంజనీరింగ్ విద్యార్థి, భీమవరం

జవాబు: మీ బాధ నిజమైనదే, ఆరోపణ కూడా సగం నిజమే. దారిలోని పెట్టెను తాకినప్పుడు ఏ వస్తువు వస్తుందనేది పూర్తిగా అదృష్టం కాదు, మీరు మొదటి బండికి ఎంత వెనుక ఉన్నారన్న దాన్ని బట్టి అవకాశాలు మారుతుంటాయి. ముందున్నవారికి నాణెం, అరటితొక్క, ఆకుపచ్చ చిప్ప వంటివీ, బాగా వెనకబడినవారికి ఏ దెబ్బా తగలనివ్వని నక్షత్రం, బండిని తూటాలా ముందుకు తీసుకుపోయే బుల్లెట్ బిల్, మిగతావారిని చిన్నవాళ్ళను చేసే మెరుపు వంటివీ ఎక్కువగా వస్తాయి. వైకుంఠపాళిలో పాముకు మీరు ఎంత ముందున్నారో తెలియదు. ఇక్కడి పాము మాత్రం మొదటి స్థానం వాసన పట్టే వస్తుంది. 1992లో వచ్చిన మొదటి ఆటలో ఈ నీలి చిప్ప లేదు, 1996 నాటి మారియో కార్ట్ 64తో వచ్చింది.

నా మటుకు నాకు ఇది అన్యాయంగా అనిపించదు. ఒకే సోఫా మీద ఆడుతున్న నలుగురిలో ఒకరు మొదటి చుట్టులోనే అందనంత దూరం పోతే మిగతా ముగ్గురికీ ఆడటానికి ఏమీ మిగలదు. అయితే ఆ న్యాయం మీ ఒక్కరి నెత్తిన పేలకుండా చూసుకునే ఉపాయాలు ఉన్నాయి. డీలక్స్‌లో ఒకేసారి రెండు వస్తువులు దగ్గర ఉంచుకోవచ్చు కాబట్టి, ముందున్నప్పుడు వాటిలో ఒకటి ఎప్పుడూ రక్షణకే కేటాయించండి. అరటితొక్కను వెంటనే విసిరేయకుండా వస్తువు బటన్‌ను నొక్కి పట్టుకుంటే అది బండి వెనుక వేలాడుతూ, తరుముకొచ్చే ఎర్ర చిప్పను అడ్డుకుంటుంది. రావులపాలెం మార్కెట్లో గెలకు ధర కడతారు గానీ, ఈ ఆటలో విలువంతా తొక్కదే.

నీలి చిప్పకు తొక్క అడ్డం కాదు. దాన్ని పగలగొట్టే వస్తువు సూపర్ హార్న్. అది అరుదుగా వస్తుంది కనుక, వచ్చినప్పుడు పక్కవాడి మీద సరదాకి వాయించి పోగొట్టుకోకండి. చిప్ప తల మీద తిరిగి కిందికి దిగే క్షణంలో, బండికి క్షణకాలం వేగమిచ్చే పుట్టగొడుగు వాడి దూసుకుపోవడం కూడా కుదురుతుంది, కానీ అందుకు చాలా సాధన కావాలి. చేతిలో ఏమీ లేకపోతే, రెండో బండి దగ్గరికి వచ్చేదాకా వేగం తగ్గించండి. పేలుడు పక్కనున్నవారికి కూడా తగులుతుంది కాబట్టి నష్టాన్ని ఇద్దరూ పంచుకున్నట్టవుతుంది. నాణేలను చిన్నచూపు చూడవద్దు. పది వరకు ఏరుకున్నకొద్దీ బండి గరిష్ఠ వేగం పెరుగుతుంది, దెబ్బ తగిలినప్పుడు మాత్రం కొన్ని రాలిపోతాయి.

ప్రశ్న: మలుపుల్లో మా తమ్ముడి చక్రాల కింద రంగురంగుల నిప్పురవ్వలు వస్తాయి, ఆ వెంటనే బండి ఎగిరిపోతుంది. నేను అదే బటన్ నొక్కినా బండి గెంతడం తప్ప ఏమీ జరగదు. లోపం ఎక్కడుంది?
— డిగ్రీ విద్యార్థిని, నరసాపురం

జవాబు: మీరు బటన్ నొక్కిన క్షణంలో, బండిని తిప్పే స్టిక్ నిటారుగా ఉంటోంది, అదే లోపం. ఏ వైపూ తిప్పకుండా ఆర్ బటన్ నొక్కితే బండి గెంతి ఊరుకుంటుంది. గెంతి నేలను తాకేలోగా స్టిక్‌ను మలుపు వైపు వంచి, బటన్‌ను వదలకుండా పట్టుకుంటే బండి పక్కకు జారుతూ తిరగడం మొదలుపెడుతుంది. దీన్నే డ్రిఫ్ట్ అంటారు. జారుడు సాగినకొద్దీ రవ్వలు మొదట నీలంగా, తరువాత నారింజ రంగులోకి, చివరికి గులాబీ రంగులోకి మారతాయి. బటన్ వదిలినప్పుడు ఏ రంగు ఉందో దాన్ని బట్టి దూకుడు దక్కుతుంది. గోడకు కొట్టుకున్నా, దారి దిగి గడ్డిలో నెమ్మదించినా అప్పటిదాకా కూడబెట్టినదంతా పోతుంది.

మొదలుపెట్టిన జారుడు దిశ మధ్యలో మారదన్నది కొత్తవారికి త్వరగా తట్టని విషయం. ఎడమకు జారుతున్నప్పుడు స్టిక్‌ను కుడికి వంచితే బండి కుడికి తిరగదు, వంపు మాత్రం విశాలమవుతుంది. ఎడమకే మరింత వంచితే వంపు బిగుసుకుంటుంది, రవ్వల రంగు కూడా త్వరగా మారుతుంది. అందుచేత మలుపు మొదలయ్యాక కాకుండా, అది కనబడగానే దారి బయటి అంచు నుంచి జారుడు అందుకోవాలి. సైకిలు వెనుక పచ్చగడ్డి మోపు కట్టుకుని పంట కాలువ గట్టు మీద వచ్చే రైతును గమనించండి: మలుపు ఇంకా నాలుగు బారల దూరాన ఉండగానే ఆయన ఒళ్ళు ఆ వైపుకు ఒరుగుతుంది, మలుపులోకి వచ్చాక హ్యాండిల్‌ను పెద్దగా కదపడు.

వారం రోజులు 150 సీసీ వేగ తరగతిలో, టైమ్ ట్రయల్స్ పద్ధతిలో ఒంటరిగా ఆడండి. చిప్పలు విసిరేవారు ఉండరు కాబట్టి చెయ్యి కుదురుకుంటుంది. 200 సీసీ జోలికి ఇప్పుడే పోవద్దు. అక్కడ బ్రేకు వాడకుండా చాలా మలుపులు తిరగవు, మిగతా తరగతుల్లో బ్రేకు ఉందన్న సంగతే మరిచిపోయి ఉంటాం. కోటిపల్లి రేవులో కారును పంటు (రేవు దాటించే బల్లకట్టు) మీదికి ఎక్కించినవారికి ఆ తరగతి త్వరగా పట్టుబడవచ్చు.

ప్రశ్న: ఈ ఆటలో ఆరితేరిన మా పదమూడేళ్ళ వాడు, తనకు డ్రైవింగ్ వచ్చేసింది, స్కూటీ తాళం ఇవ్వమంటున్నాడు. ఏం చెప్పాలి?
— ఒక తండ్రి, తణుకు

జవాబు: ఇవ్వకండి. ఆటలో నీళ్ళలో పడితే మబ్బు మీద తిరిగే లకిటు గాలంతో పైకి లాగి మళ్ళీ దారి మీద నిలబెడతాడు. మన కాలువల మీద అతను డ్యూటీలో లేడు. ఆటలోని అతి తక్కువ తరగతి 50 సీసీ. మన మోటారు వాహనాల చట్టం కూడా 16 ఏళ్ళు నిండినవారిని 50 సీసీకి మించని ద్విచక్ర వాహనం దాకానే, అదీ లైసెన్సుతోనే అనుమతిస్తుంది. అంతకు మించినవాటికి 18 నిండాలి.

ప్రశ్న: మా ఇంట్లో స్విచ్ లేదు, కొనే ఉద్దేశమూ లేదు. పాత కంప్యూటర్ మీద ఉచితంగా ఆడుకునే కార్టు పందెం ఏదైనా ఉందా?
— ఉపాధ్యాయుడు, మండపేట

జవాబు: సూపర్‌టక్స్‌కార్ట్ ప్రయత్నించండి. ఇది ఎవరైనా ఉచితంగా వాడుకోగల, మార్చుకోగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. విండోస్, లైనక్స్ కంప్యూటర్ల మీదా, ఆండ్రాయిడ్ ఫోన్ల మీదా ఆడవచ్చు. మరీ పాత యంత్రంలో తెర తడబడితే గ్రాఫిక్స్ స్థాయిని తగ్గించుకోండి.

మారియో అలవాటుతో దీనిలోకి వస్తే మొదట తికమక పడతారు. ఇక్కడ అరటిపండ్లు విసిరేవి కావు, దారిలోనే పడి ఉంటాయి. తాకితే బండికి గొడుగులాంటి పారాచూటో, బరువైన దాగలో, బాంబో తగులుకుంటుంది. ఆ బాంబును ఇంకొకరి బండికి రాసుకుని అంటించేయవచ్చు. దారిలో ఏరుకున్న, వేగం పెంచే నైట్రోను మీకు కావలసినప్పుడే వాడుకోవచ్చు కాబట్టి, అదృష్టం కన్నా పొదుపు ఎక్కువ పని చేస్తుంది; ఈ ఒక్క విషయంలో నాకు మారియో కన్నా ఇదే నచ్చుతుంది. పందెం మొదలు కాకముందే యాక్సిలరేటర్ నొక్కితే శిక్షగా కాసేపు కదలనివ్వదు. 2019లో వచ్చిన 1.0 కూర్పుతో ఆన్‌లైన్ పోటీలు కూడా మొదలయ్యాయి. ఇంటర్నెట్ లేకపోయినా, ఒకే వైఫై రూటర్‌కు కలిపిన కంప్యూటర్ల మధ్య పందెం పెట్టుకోవచ్చు. మీ బడిలో కంప్యూటర్ గది ఉంటే ఈ సంగతి పిల్లలకు ఎప్పుడు చెప్పాలో మీరే నిర్ణయించుకోండి.

ప్రశ్న: కొత్త మారియో కార్ట్‌లో ఇరవై నలుగురు ఆడవచ్చట, నిజమేనా?
— ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: నిజమే. 2025 జూన్ 5న స్విచ్ 2తో పాటు వచ్చిన మారియో కార్ట్ వరల్డ్‌లో ఒక పందెంలో 24 బండ్లు ఉంటాయి. దీనిలోని నాకౌట్ టూర్ పద్ధతిలో ఒక్కో మజిలీ దగ్గర చివరి నలుగురు తప్పుకుంటూ పోగా, ఆఖరి భాగానికి నలుగురే మిగులుతారు. ఈ ఆట పాత స్విచ్‌లో పని చేయదు.