బెంచీ మీద చోటు ఎవరికి?

ప్రశ్న: బేస్‌బాల్ సీజన్‌కు ముందు జరిగే వసంత శిక్షణ ఆటల్లో బాగా కొట్టిన కుర్ర ఇన్‌ఫీల్డర్‌ను (బేస్‌ల దగ్గర ఫీల్డింగ్ చేసేవాడిని) కింది స్థాయి మైనర్ లీగ్‌కు పంపి, అంతంతమాత్రంగా కొట్టినవాడిని జట్టులో ఉంచుకున్నారు. ఇది న్యాయమేనా?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: న్యాయమే కావచ్చునండి. మేజర్ లీగ్ జట్టులోని 26 మందిలో పిచ్చర్లు (బ్యాటర్‌కు బంతి విసిరేవాళ్ళు) సాధారణంగా 13 మంది. నిత్యం ఆడే తొమ్మిది మందిని తీసేస్తే బెంచీ మీద మిగిలేది నాలుగు చోట్లే, అందులో ఒకటి రెండో క్యాచర్‌ది (బ్యాటర్ వెనక బంతి అందుకునేవాడిది). కాబట్టి అక్కడ కూర్చునే ఇన్‌ఫీల్డర్ రెండో బేస్, మూడో బేస్, షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య చోటు) మూడింటినీ కాపాడగలగాలి.

నేనైతే ముందు షార్ట్‌స్టాప్ స్థానంలోనే పరీక్షిస్తాను. మూడో బేస్ వైపు దూరంగా దొర్లిన బంతిని చేయి అడ్డంగా చాచి అందుకుని, కుడికాలు నేలకు తన్నిపెట్టి, ఒక్క విసురుతో మొదటి బేస్‌కు చేర్చగలవాడు మిగతా స్థానాలకు త్వరగా అలవాటు పడతాడు; భుజబలం చాలనివాడికి ఆ దారి లేదు. షార్ట్‌స్టాప్‌గా మొదలై పలుచోట్ల ఆడిన బెన్ జోబ్రిస్ట్ 2016 వరల్డ్ సిరీస్‌లో అత్యుత్తమ ఆటగాడయ్యాడు.

కొద్ది వారాల బ్యాటింగ్ సగటును నమ్మలేం. చెడ్డ బంతులను వదిలేస్తున్నాడా అన్నది అంతకన్నా మేలైన గుర్తు. పైగా ‘ఆప్షన్లు’ (ఆటగాడిపై హక్కు పోకుండా మైనర్ లీగ్‌కు పంపే అవకాశాలు) మిగిలిన కుర్రాడిని కిందికి పంపి మళ్ళీ పిలిపించుకోవచ్చు. అవి అయిపోయినవాడిని పంపబోతే వేరే జట్టు తన్నుకుపోవచ్చు. అదీగాక, ఇరవై రెండేళ్ళవాడికి బెంచీ మీద ఖాళీగా కూర్చోవడం కన్నా మైనర్ లీగ్‌లో రోజూ ఆడటమే మంచిది.