24 పేజీల బొమ్మల పుస్తకాన్ని పూర్తి నిడివి సినిమాగా రాయడం ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. చేతిలో 24 పేజీల పిల్లల బొమ్మల పుస్తకం ఉంది, దాన్ని సినిమా చేయాలని ఉంది. కథ మొత్తం చెప్పినా పది నిమిషాలు దాటడం లేదు. నిర్మాతేమో ఒక విలన్‌ని పెట్టి, రెండు ఉపకథలు కలపమంటున్నారు. ఏం చేయాలి?

విలన్ సంగతి తర్వాత చూద్దాం. ముందు పుస్తకం తెరిచి, వాక్యాల మీద కాగితం కప్పేసి బొమ్మలు మాత్రమే చూడండి. తొందరపడకుండా ఒక్కో పేజీ దగ్గర ఆగండి. వాక్యం చెప్పకుండా బొమ్మ ఒక్కటే చెబుతున్న సంగతులు ఏమున్నాయో రాసుకోండి. మీకు కావాల్సిన సినిమా చాలావరకు ఆ జాబితాలోనే దొరుకుతుంది.

నేను హైదరాబాద్‌లో యానిమేషన్ స్టూడియోలకు స్టోరీబోర్డులు, అంటే సినిమాని షాట్ల వారీగా చూపే బొమ్మలు వేస్తాను, కథాచర్చల్లోనూ కూర్చుంటాను. మీలాంటి పనే ఒకటి చేశాం. హక్కుల వ్యవహారం ఇంకా తేలలేదు కాబట్టి పుస్తకం పేరు చెప్పలేను. కథ మాత్రం ఇదీ: వాన పడేలా ఉన్న ఒక సాయంత్రం పాపకి తన మేకపిల్ల కనబడదు. బావి దగ్గర, బడి దగ్గర, కిరాణా కొట్టు దగ్గర, గుడి మెట్ల దగ్గర వెతుకుతుంది. ఎక్కడా లేదు. ఏడుస్తూ ఇంటికొచ్చి వెనక్కి తిరిగితే మేకపిల్ల అక్కడే ఉంటుంది. అంతే. పైకి చదివితే నాలుగు నిమిషాలు.

కానీ బొమ్మల్లో ఇంకో కథ నడుస్తుంటుంది. ప్రతి పేజీలోనూ మేకపిల్ల ఉంది. బావి గట్టు వెనక రెండు చెవులు, కొట్టు ముందు బస్తాల చాటున తోక, బడి గోడ పక్కన ఒక కాలు. పాప వెళ్లిన చోటికల్లా అది వెనకాలే వెళుతోంది. వాక్యాలు 'లేదు, లేదు' అంటుంటే బొమ్మలు 'ఉంది, ఉంది' అంటాయి. చదువు రాని పిల్లలకి ఈ సంగతి ముందు తెలుస్తుంది, చదివి వినిపించే పెద్దవాళ్లకి ఆలస్యంగా తెలుస్తుంది. ఆ పుస్తకం ఆనందమంతా ఇందులోనే ఉంది.

మాకు డబ్బు పెట్టిన వాళ్లు మేకల్ని ఎత్తుకుపోయే ముఠా ఒకటి కావాలన్నారు. లారీ ఛేజ్ కూడా అడిగారు. ముఠా వస్తే జరిగేది ఒక్కటే: మేకపిల్ల లారీ ఎక్కుతుంది, పాప వెనకాల ఉండదు. అంటే పుస్తకంలో ఉన్న ఒకే ఒక్క గొప్ప సంగతి పోతుంది. బయటి నుంచి ఏది తెచ్చి కలిపినా ముందు ఈ లెక్క చూసుకోండి. అది పుస్తకం ప్రాణానికి అడ్డం వస్తుంటే ఎంత మంచి సీన్ అయినా వద్దు.

మేం మళ్లీ బొమ్మల దగ్గరికి వెళ్లాం. పాప ఇంటి బొమ్మలో గోడకి ఒక మగమనిషి ఫొటో ఉంది, గూట్లో ఫోన్ ఉంది, ఇంట్లో మాత్రం ఆయన ఎక్కడా లేడు. మా ఊళ్లలో దీనికి వివరణ అక్కర్లేదు, నాన్న గల్ఫ్‌లో ఉన్నాడు. ఆదివారం ఫోన్ చేస్తాడు. చేసినప్పుడల్లా ముందు మేకపిల్ల ఎలా ఉందని అడుగుతాడు, ఎందుకంటే అది ఆయన వెళ్లేముందు కొనిచ్చింది. ఈ ఒక్కటి దొరకగానే కథకి గడియారం వచ్చింది. ఫోన్ మోగేలోపు మేకపిల్ల దొరకాలి. కథ ఒక్క సాయంత్రంలోనే ఉంది, టెన్షన్ మాత్రం పెరిగింది.

కొట్టు బొమ్మలో తాత పక్కన ఖాళీ కుర్చీ ఒకటి ఉంది, దాని చేతికి ఒక చేతికర్ర వేలాడుతోంది. పుస్తకంలో వాక్యం 'తాత చూడలేదన్నాడు' అని మాత్రమే. ఆ కుర్చీ ఎవరిదని మేం అడగడం మొదలుపెట్టాక తాత ఒక మనిషయ్యాడు. భార్య పోయాక సాయంత్రాలు కొట్టు వదిలి కదలని మనిషి. అలాంటాయన పాప కోసం షట్టర్ దించి బయటికి వస్తే అది సంఘటనే కదా. ఇలాగే బడి దగ్గర ఒకరు, గుడి దగ్గర ఒకరు. చివరికి పాప వెనక సగం ఊరు నడుస్తుంటుంది, ఆ ఊరి వెనక మేకపిల్ల. కొత్త ఊరు లేదు, కొత్త ప్రమాదం లేదు. పుస్తకంలో ఉన్న నాలుగు చోట్లే, అక్కడున్న మనుషులే.

షాట్ల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే స్క్రిప్టు సరిగ్గా ఉన్నా ఇక్కడ పోతుంది. బావి సీన్ తీసుకోండి. పాప బావిలోకి తొంగి చూస్తోంది, భయపడుతోంది. ఎవరైనా మొహం క్లోజప్‌కే వెళతారు. వెళితే మేకపిల్ల ఫ్రేములోంచి పోతుంది. అందుకని కెమెరాని బావికి అవతలి వైపు, దూరంగా పెట్టి కదలకుండా ఉంచాం. ముందు గిలక, తాడు. గట్టు మీద వంగిన పాప. ఆమె భుజం వెనక, చెట్టు మొదట్లో రెండు చెవులు. షాట్ మామూలుగా పెట్టేదానికంటే చాలా ఎక్కువసేపు ఉంటుంది. సంగీతం కూడా వద్దన్నాం. చెవులు కనబడగానే చిలిపిగా ఒక బిట్ వాయిస్తే పిల్లలకి వెతికే పని ఉండదు.

పుస్తకంలో పేజీ ఎప్పుడు తిప్పాలో పిల్లల చేతిలో ఉంటుంది. కావాలంటే వెనక్కి వెళ్లి తోక మళ్లీ చూసుకుంటారు. సినిమాలో ఆ హక్కు మనం లాగేసుకుంటున్నాం. దానికి బదులుగా చూడ్డానికి వాళ్లకి టైమివ్వాలి. పొడవైన షాట్ అంటే అదే.

యానిమాటిక్ పూర్తయ్యాక, అంటే స్టోరీబోర్డు బొమ్మలకి మాటలూ శబ్దాలూ కలిపిన కచ్చా రూపం, ఊళ్లో ఒక ప్రభుత్వ బడిలో వేశాం. బావి సీన్‌కే పిల్లలు 'ఎనకాల! ఎనకాల!' అని అరవడం మొదలుపెట్టారు. ఆట అర్థమైపోయింది. తర్వాత ప్రతి సీన్‌లోనూ పాప కంటే ముందు మేకపిల్లనే వెతుక్కున్నారు. సినిమా మధ్యలో గుడి మెట్ల సీన్ ఉంది. వాన మొదలవుతుంది. ఆ సీన్‌లో మేకపిల్లని ఫ్రేములోంచి నిజంగానే తీసేశాం. పిల్లలు కాసేపు వెతికారు, తర్వాత గోల ఆగిపోయింది. అప్పటిదాకా నవ్వుతున్నవాళ్లకి పాప భయం అప్పుడు పట్టుకుంది. విలన్ చేయాల్సిన పని ఒక మేకపిల్ల లేకపోవడం చేసింది. పుస్తకంలో ఉన్న ఆటనే తీసుకుని, దాని నియమం ఒక్కసారి తప్పించాం. ఇలాంటి మలుపు మీ పుస్తకంలోనూ ఉంటుంది, అది ఏ ఆట ఆడుతోందో ముందు కనిపెట్టండి.

(ఆ సినిమా తెరకెక్కలేదు. నిర్మాణ సంస్థ మధ్యలో డబ్బు ఆపేసింది. ఇప్పటికీ బాధే. కానీ స్క్రిప్టు నిలబడిందని ఆ బడిలో కళ్లారా చూశాను, అందుకే ఇంత ధైర్యంగా చెబుతున్నాను.)

ఇంగ్లిష్‌లో ఈ పని చేసినవాళ్లవి మూడు సినిమాలు పుస్తకం పక్కన పెట్టుకుని చూడండి. మారిస్ సెండాక్ 1963లో వేసిన 'వేర్ ద వైల్డ్ థింగ్స్ ఆర్' మొత్తం 338 మాటలు. అల్లరి చేసినందుకు మాక్స్ అనే పిల్లాణ్ణి అమ్మ అన్నం పెట్టకుండా గదిలోకి పంపేస్తుంది, వాడు అక్కణ్ణుంచి ఊహలో వింత జంతువులుండే దీవికి వెళ్లిపోతాడు. పుస్తకంలో అమ్మ మాటే ఉంటుంది, ఒక్క బొమ్మలోనూ అమ్మ కనబడదు. 2009లో స్పైక్ జోంజ్ తీసిన సినిమా ఆ ఖాళీలోంచే పుట్టింది. అమ్మకి ఒక మొహం, అలసట, తనదంటూ ఒక జీవితం వచ్చాయి. తమ్ముణ్ణి పట్టించుకోని అక్క వచ్చింది. మాక్స్ కోపం ఎక్కణ్ణుంచి వచ్చిందో ముందే చూశాం కాబట్టి దీవిలో ఆ వింత జంతువుల అలకలూ గొడవలూ వాడివేనని తెలుస్తుంటుంది. నా మటుకు నాకు మధ్యభాగం అయిదేళ్ల పిల్లలకి బరువు. అయినా పుస్తకాన్ని ఇంత శ్రద్ధగా చదివిన సినిమా ఇంకోటి చూడలేదు.

క్రిస్ వాన్ ఆల్స్‌బర్గ్ 'జుమాంజి' పుస్తకం 1981లో వచ్చింది. అమ్మానాన్నలు బయటికెళ్లిన సాయంత్రం అక్కాతమ్ముళ్లు ఒక ఆట ఆడతారు, ఇంట్లోకి సింహాలూ కోతులూ వచ్చిపడతాయి, ఆట ముగిస్తే అన్నీ మాయమవుతాయి. 1995 సినిమా ఒకే ప్రశ్న అడిగింది: ఈ ఆట ఇంతకుముందు ఎవరు ఆడారు? 1969లో ఆటలో ఇరుక్కుని 26 ఏళ్ల తర్వాత బయటపడ్డ ఆలన్ అలా వచ్చాడు. దాంట్లో విలన్ కూడా ఉన్నాడు, తుపాకి పట్టుకుని తరిమే వేటగాడు. కానీ ఆ వేటగాడినీ ఆలన్ తండ్రినీ ఒకే నటుడితో వేయించారు. నాన్నతో పోట్లాడి ఆటలో పడ్డ పిల్లాణ్ణి నాన్న మొహమే తరుముతోంది. మీ నిర్మాతకి విలన్ కావాల్సిందే అంటే ఈ ఉదాహరణ చూపించండి. విలన్ ఉండొచ్చు, కాకపోతే హీరో మనసులో ఉన్న సమస్య నుంచే రావాలి.

మూడోది 'క్లౌడీ విత్ ఎ చాన్స్ ఆఫ్ మీట్‌బాల్స్'. 1978 నాటి పుస్తకంలో ఒక ఊళ్లో ఆకాశం నుంచి తిండి పడుతుంది. ఎందుకు పడుతుందో చెప్పరు, హీరో అంటూ ఎవరూ లేరు. 2009 సినిమాకి ముందు రాసుకున్న స్క్రిప్టులో జోకులు ఉన్నాయి, కథ లేదని స్టూడియో అంది. అప్పుడు దర్శకులు చేపల ఎరలు అమ్మే కొట్లో ఉన్న ఒక చిన్న పాత్రని హీరోకి తండ్రిని చేశారు. కొడుకుని మెచ్చుకోవాలని ఉన్నా నోరు పెగలని తండ్రి. సినిమా దాని మీద నిలబడింది.

ఇదంతా హాలీవుడ్ విద్యేం కాదు. చందమామ నడిపిన నాగిరెడ్డి, చక్రపాణి గార్ల విజయా సంస్థ 1951లో తీసిన 'పాతాళ భైరవి'కి కాశీమజిలీ కథల్లోని ఒక కథ ఆధారం. అది మూడు గంటలు ఎలా నిలబడిందో ఒకసారి విప్పి చూడండి. తోటరాముడికి రాజుగారితో సరితూగే సంపద కావాలి, లేకపోతే రాకుమారి దక్కదు. నేపాళ మాంత్రికుడికి బలివ్వడానికి ఒక సాహసి కావాలి. ఇద్దరి అవసరాలూ ఒకదానికొకటి అతికినట్టు సరిపోయాయి. అందుకే అందులో ఏ సీనూ ఇంకో కథ నుంచి తెచ్చి అంటించినట్టు ఉండదు.

నిడివి కోసం పాటలు పెట్టాలనుకుంటే సత్యజిత్ రాయ్ 'గూపీ గైన్ బాఘా బైన్' చూడండి. తాత ఉపేంద్రకిశోర్ 1915లో 'సందేశ్' పిల్లల పత్రికలో రాసిన చిన్న కథని మనవడు 1969లో రెండు గంటల సినిమాగా తెచ్చాడు. గూపీ పాడితే విన్నవాళ్లు ఉన్నచోట బిగుసుకుపోవాలి, భూతాల రాజు ఇచ్చిన వరం అది. కాబట్టి పాట వచ్చినప్పుడు కథ ఆగదు, పాటే కథని నడుపుతుంది. యుద్ధానికి బయల్దేరిన సైన్యాన్ని కూడా పాటతోనే ఆపుతారు. మీ సినిమాలో పాట తీసేస్తే కథకి ఏ నష్టమూ లేదనిపిస్తే తీసేయండి.

ఇంకో మాట నిర్మాతతో సూటిగా మాట్లాడండి. పూర్తి నిడివి అంటే రెండున్నర గంటలని ఎవరూ రాసిపెట్టలేదు. ఆస్కార్ వాళ్ల లెక్కలో 40 నిమిషాలు దాటితే ఫీచరే, అంటే పూర్తి నిడివి సినిమానే. చిన్నపిల్లల సినిమా 75, 80 నిమిషాల్లో ఉంటే వాళ్లు కదలకుండా కూర్చుంటారు, యానిమేషన్ ఖర్చు కూడా నిమిషాల లెక్కనే పెరుగుతుంది. బొమ్మల్లో ఎంత వెతికినా ఏమీ దొరకని పుస్తకాలు కూడా ఉంటాయి. అవి అరగంటకి సరిపోయేవి. రేమండ్ బ్రిగ్స్ మాటల్లేని పుస్తకం 'ద స్నోమ్యాన్' 1982లో 26 నిమిషాల సినిమా అయింది, 'ద గ్రఫలో' కూడా 2009లో అరగంట కార్యక్రమంగానే వచ్చింది. రెండింటినీ పిల్లలు ఇప్పటికీ చూస్తున్నారు. మీ పుస్తకం ఆ రకమైతే అరగంటే తీయండి.

హక్కుల గురించి మీరు అడగలేదు గానీ చెప్పి తీరాలి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచన వేరు, చిత్రాలు వేరు. రచయిత ఒక్కరి సంతకంతో పని అయిపోయిందనుకోవద్దు, బొమ్మలు వేసినవారితో విడిగా ఒప్పందం ఉండాలి. ప్రచురణకర్త దగ్గర ఏ హక్కులున్నాయో కాగితం మీద చూడండి. ఒప్పందంలో గడువు రాయకపోతే చట్టం 5 ఏళ్లుగా లెక్కిస్తుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. అన్నిటికంటే ముఖ్యం, తీసుకున్న హక్కుని ఏడాదిలోపు వాడకపోతే, ఒప్పందంలో వేరే మాట లేని పక్షంలో, అది తిరిగి వాళ్లకే వెళ్లిపోతుంది. యానిమేషన్ సినిమా ఏడాదిలో అవదు కాబట్టి ఆ క్లాజు స్పష్టంగా రాయించుకోండి.

హక్కులు కొనే స్తోమత ఇప్పుడే లేకపోతే ప్రథమ్ బుక్స్ అనే ప్రచురణ సంస్థ నడిపే స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు బొమ్మల పుస్తకాలు చాలా ఉన్నాయి. సీసీ బై 4.0 (పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చనే క్రియేటివ్ కామన్స్ అనుమతి) లైసెన్సు ఉన్నవాటిని రచయిత, చిత్రకారుల పేర్లు వేసి, మార్పులు చేశామని చెప్పి సినిమాగా కూడా తీసుకోవచ్చు. ప్రతి పుస్తకం చివర లైసెన్సు రాసి ఉంటుంది, చదివాకే మొదలుపెట్టండి. ఏ దారిలో వెళ్లినా, వీలైతే బొమ్మలు వేసినవారిని మొదటి కథాచర్చకే పిలవండి, ఖర్చులిచ్చి పిలవండి. ఖాళీ కుర్చీ ఎందుకు వేశారని మా చిత్రకారిణిని అడగడానికి మాకు చాలా ఆలస్యంగా వీలు దొరికింది, ఆమె చెప్పిన దాంట్లోంచి ఇంకో రెండు సీన్లు వచ్చాయి.