పెన్సిల్ చెక్కిన చెయ్యి

చిరంజీవికి,

నీ నవల రాతప్రతి నాకు చేరి నెల దాటింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చి పక్కన పెట్టేశాను. రెండోసారి ఆరో అధ్యాయం చివర్లో ఆగిపోయాను, ఆ రాత్రి ఇంక ముందుకు వెళ్లలేకపోయాను. ఆ కోపం గురించీ ఆ ఆగిపోవడం గురించే ఈ ఉత్తరం. నువ్వు అని రాస్తున్నాను, నీది నా మనవడి వయసు, ఏమీ అనుకోకు.

ముందు ఆగిపోయిన చోటు. పన్నెండేళ్ల నీ కుర్రాడు తండ్రి వాచీ పగలగొట్టి, ఆ ఇంట్లోనే పెరుగుతున్న తన ఈడు పిల్లాడి మీదికి నెట్టేస్తాడు. తండ్రి ఆ రెండోవాణ్ణి చెంప మీద కొట్టి ఇంట్లోంచి పంపేస్తాడు. ఆ రాత్రి, మర్నాడు కొడుక్కి పరీక్ష కదా అని, దీపం దగ్గర కూర్చుని బ్లేడుతో పెన్సిల్ చెక్కుతాడు. మొన విరుగుతుంది. మళ్లీ చెక్కుతాడు. పొట్టు నేల మీద పడకుండా ఎడం అరచేతిలో పట్టుకుంటాడు. కొడుకు ఆ కుడిచేతినే చూస్తుంటాడు. పొద్దున రెండోవాడి చెంప మీద పడింది ఆ చెయ్యే. అది చదివి కళ్లజోడు తీసి పక్కన పెట్టాను.

ఆ వెంటనే నువ్వు రాసిన వాక్యం గుర్తుందా? 'అతని హృదయం పశ్చాత్తాపంతో దహించుకుపోయింది.' ఎందుకు రాశావు? పెన్సిల్ పొట్టు పట్టుకున్న ఆ అరచేయి చెప్పనిది ఈ వాక్యం ఏం చెప్పింది? ఆ దహించుకుపోవడం నవల మొత్తంలో పధ్నాలుగు చోట్ల ఉంది. నా కోపం దాని మీదే.

తప్పు చేసినవాడి బాధ రాయడం తేలిక. బాధపడుతున్నాడంటే మంచివాడేనని పాఠకుడు వాణ్ణి దగ్గరికి తీసుకుంటాడు, రచయితకు కూడా ఊరటగా ఉంటుంది. నేను నలభై ఏళ్లుగా అందరికీ చెబుతున్న మాట ఒకటే, నీకూ అదే చెబుతాను. ద్రోహం చేసినవాడికి ఏం దక్కిందో రాయి. ఊరికే ఎవడూ ద్రోహం చెయ్యడు. ముందు అయిదు అధ్యాయాల్లో ఆ తండ్రి కొడుకు మొహం చూసి మాట్లాడడు, మెచ్చుకుంటే రెండోవాణ్ణే మెచ్చుకుంటాడు. ఇప్పుడు వాడు లేడు. దీపం వెలుగులో తండ్రి, తన కోసం చెక్కుతున్న పెన్సిల్. నీ కుర్రాడికి ఆ క్షణాన హాయిగా ఉండి తీరాలి. ఆ హాయి నిజం, తర్వాత పడే బాధకు వేరు కూడా అదే. వాణ్ణి పాఠకులు అసహ్యించుకుంటారేమోనని భయపడి నువ్వు దాన్ని దాచేశావు.

పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రెంచిలో రాసిన తత్వవేత్త రూసో ఆత్మకథలో ఒక సంగతి ఉంది. 1728లో, పదహారేళ్ల వయసులో, ఇటలీలోని ట్యూరిన్‌లో ఒక పెద్దింట్లో నౌకరీ చేస్తూ పాత రిబ్బన్ ఒకటి దొంగిలించాడు. పట్టుబడితే, ఆ ఇంట్లో వంట చేసే మారియోన్ అనే పిల్ల ఇచ్చిందన్నాడు. ఇద్దరి ఉద్యోగాలూ పోయాయి. ఆమె పేరే ఎందుకు చెప్పాడు? ఆ రిబ్బన్ ఆమెకే ఇద్దామనుకున్నాడు కాబట్టి! మనసులో ఉన్న పేరే నోటికొచ్చింది. దశాబ్దాల తర్వాత అది రాసినప్పుడు తనను నిజంగా పట్టుకున్న భయం శిక్ష కాదనీ, అందరి ముందూ సిగ్గుపడటమనీ ఒప్పుకున్నాడు. రూసో పోయాక 1782లో ఆ భాగం అచ్చయింది. బాధ గురించీ రాశాడు, నిజమే. కానీ ఆ పేజీ ఇన్నేళ్లు నిలిచింది ఆ రిబ్బన్ ఎవరి కోసమో చెప్పినందుకు. ఇంకో సంగతి కూడా చూడు, అక్కడ మారియోన్ నోరు విప్పుతుంది. నువ్వు మంచివాడివనుకున్నాను, నీ స్థానంలో ఉండాలని మాత్రం నాకు లేదు అంటుంది. నీ నవలలో రెండోవాడు ఒక్క మాటైనా అన్నాడా?

నా సంగతి చెబుతాను. నాకు పదమూడేళ్లప్పుడు నాన్న రేడియో నా చేతిలోంచి జారి పగిలింది. ఎవరు పడేశారని అడిగితే నేను అబద్ధం ఆడలేదు. తమ్ముడి వైపు చూశాను, అంతే. వాడికి బెల్టు దెబ్బలు పడ్డాయి. ముప్పై దాటాక నా మొదటి నవలలో ఆ బాధంతా రాశాను, పేజీల కొద్దీ. తమ్ముడు పుస్తకం చదివి ఒక్కటే అడిగాడు. "అన్నయ్యా, నన్ను కొట్టాక నాన్న నిన్ను సైకిలెక్కించుకుని తీసుకెళ్లాడు. గంట తర్వాత బెల్లు కొట్టుకుంటూ తిరిగొచ్చావు. అది రాయలేదేం?"

ఆ బెల్లు నాకు గుర్తే. ముందు కడ్డీ మీద కూర్చున్నాను, నాన్న గడ్డం నా తలకు తగులుతోంది, బెల్లు మీద నా వేలు. ఆ సాయంత్రం నేను చాలా సంతోషంగా ఉన్నాను. నవలలో లేనిది అదొక్కటే. అది లేక మిగతా బాధంతా అబద్ధమైపోయింది. తమ్ముడు ఇప్పుడు లేడు. ఆ నవల మళ్లీ రాయాలని ఎన్నిసార్లు కూర్చున్నానో.

ఆ నవల ముందు ఒక వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. నిజం తెలియకుండానే తండ్రి పోయాడని ముగించాను. ఆ ఎడిటరు నాలుగు నెలలు తొక్కిపెట్టి, తండ్రీకొడుకులు కౌగిలించుకుని ఏడిస్తేనే వేస్తానన్నాడు. మార్చాను. బోలెడు ఉత్తరాలొచ్చాయి, ఒక్కటీ దాచుకోలేదు. ఆ ఎడిటరు మీద కోపం ఈ వయసులోనూ చల్లారలేదు, ఒప్పుకున్న నా మీద కూడా.

నిన్ను ఏ ఎడిటరూ అడగలేదు. నీ అంతట నువ్వే ఆ కౌగిలి రాసుకున్నావు. ఆసుపత్రి మంచం మీద తండ్రి 'నాకన్నీ తెలుసురా, ఎప్పుడో క్షమించాను' అంటాడు. అసలు ఆయన క్షమించడమేమిటి? దెబ్బ తిన్నది రెండోవాడు. సరే, తెలుసన్నాడు కదా, ఎప్పటి నుంచి? వాడి మీద చెయ్యి ఎత్తేనాటికే తెలుసా? తెలిసి తెలిసీ, సొంత కొడుకు దోషి అనిపించుకోకూడదని ఎవరూ లేని పిల్లాణ్ణి పంపేశాడా? అదే నిజమైతే పెన్సిల్ చెక్కే సీను మొత్తం మారిపోతుంది, ఆ దీపం దగ్గర కూర్చున్న ఇద్దరూ దోషులే. నీ చేతిలో ఇంత పెద్ద సంగతి పెట్టుకుని కన్నీళ్లతో కప్పేశావు. నువ్వది కావాలని రాయలేదని నాకు తెలుసు. ఇప్పుడు కావాలని రాయి.

తొమ్మిదో అధ్యాయం తీసెయ్. తండ్రి కర్కశుడైతే ఆయన చిన్నప్పటి దెబ్బలు చూపించి ట్రామా అని పేరు పెట్టడం ఇప్పుడు అందరికీ అలవాటైంది. కారణం తెలియగానే పాఠకుడి టెన్షన్ పోతుంది, ఆ తండ్రి ఇంకెవరికీ భయం కలిగించడు. కొడుక్కి తెలియని తండ్రిగానే ఉండనీ ఆయన్ని.

క్షమించే తండ్రే కావాలంటే గాంధీ ఆత్మకథలో ఉన్నాడు. పదిహేనేళ్లప్పుడు అన్న కడియంలోంచి బంగారం ముక్క దొంగిలించి, ఉండబట్టలేక తప్పంతా చీటీ మీద రాసి, శిక్షించమని అడుగుతూ, జబ్బుతో ఉన్న తండ్రి చేతికిచ్చాడు. తండ్రి లేచి కూర్చుని చదివాడు, కన్నీళ్లతో కాగితం తడిసింది, చింపేసి మళ్లీ పడుకున్నాడు. ఒక్క మాట లేదు. అక్కడ కొడుకు తనే వెళ్లాడు. నీవాడు ఇరవై ఏళ్లు కూర్చుంటే తండ్రే నోరు తెరిచాడు. ఇక గాంధీ దాని పక్క అధ్యాయంలోనే ఇంకోటి రాశాడు. పదహారేళ్లప్పుడు, రోజూ రాత్రి చేతులు తండ్రి కాళ్లు ఒత్తుతుంటే మనసు పడకగదిలో ఉండేదని. ఆ రాత్రి బాబాయి వచ్చి నేను చూసుకుంటాలే అనగానే సంతోషంగా భార్య దగ్గరికి వెళ్లాడు, అయిదారు నిమిషాల్లో నౌకరు తలుపు తట్టాడు. ఆ తప్పును క్షమించడానికి తండ్రి మిగల్లేదు. మొదటిది కథకు సరిపోతుంది. నవల కావాలంటే రెండోదానిలోంచే రావాలి. సంతోషంగా వెళ్లానన్న మాట అక్కడ ఆయన దాచలేదు చూడు.

ఇంకా ఏవేవో అడిగావు. ఉత్తమ పురుషలో మార్చాలా అంటే, వద్దు. 'నేను' అని మొదలుపెడితే ఇంకా ఎక్కువ ఏడుస్తావు. ప్రచురణకర్తల గురించి నన్ను అడక్కు.

ఆరో అధ్యాయంలో పెన్సిల్ దగ్గర ఆ వాక్యం కొట్టేసి, అక్కణ్ణుంచి మళ్లీ రాసి పంపు. ముందు ఒక్క అధ్యాయం చాలు, రెండోవాడిది. చెంప మీద వేళ్ల అచ్చులతో గుమ్మం దిగినవాడు ఆ రాత్రి ఎక్కడ పడుకున్నాడో నువ్వు ఎక్కడా రాయలేదు.

ఆశీస్సులతో.